కారుకు కుండ రసం

ఆ రోజు పొద్దున నరహరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రామన్నపేటలో కారెక్కాలి. చేనేత బట్టలు ఎంచడానికి వచ్చి నకిరేకల్‌లో బస చేసిన శ్రీలత మేడంను ఎక్కించుకోవాలి. పదకొండింటికల్లా తన ఇంటి ముందు దింపాలి. భార్య వసంతలక్ష్మి నాలుగు నెలలు కూర్చుని నేసిన తేలియా రుమాలు ఆమె ముందు పరవాలి. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడైనా జాగా ఉందా? లేదు. ఉన్నదల్లా ఒక్క కిర్రు.

ఆ కిర్రు నరహరి కారుది. కారుకు పదమూడేళ్ళు. నల్లగొండలో ఒక డాక్టరు వాడి వాడి వదిలేస్తే, స్కూలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే నరహరి ముచ్చటపడి కొన్నాడు. ఇంజనుకు ఏ రోగమూ లేదు. సీట్లు మెత్తన. కానీ చక్రాల దగ్గర ఇనుముకూ ఇనుముకూ మధ్య ఒత్తిడి కాచే రబ్బరు బుష్షులు ఎండలకు ఎండి బిరుసెక్కాయి. గుంత వచ్చినా మిట్ట వచ్చినా "కిర్ర్ర్... కీచ్" అని రాగం తీసేవి. ఆ రాగం రైలు గేటు దగ్గర మొదలైతే, ఇంట్లో వసంతలక్ష్మి లేచి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేది. నీళ్ళు మరిగేసరికి మొగుడు గుమ్మంలో ఉండేవాడు.

టీ వరకైతే బాగానే ఉంది. కానీ పోయినేడు పట్నం నుంచి బట్ట చూడడానికి వచ్చిన ఒక సారు, చిట్యాలలో ఈ కారెక్కి, రెండు కిలోమీటర్లకే ముఖం తెల్లబోయి, "ఇది విరిగేటట్టుంది, నన్ను దింపు బాబూ" అని ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి వెళ్ళిపోయాడు.

"నీ కారు కూత ఇని పారిపోయిండయ్యా గా సారు. నా బట్ట మొకం గూడ చూడలె," అని వసంతలక్ష్మి ఏడాది నుంచి అంటూనే ఉంది. ఈసారి ఇంకో మాట కలిపింది. "గీ మేడం గూడ చూడకుండ పోతే, నేను మగ్గం ఇప్పి అటుక మీద పెడ్త. నైటీలు కుట్టుకుంట బతుకుత."

ఆ వీధిలో అంత చేయి తిరిగిన నేత ఇంకొకరిది లేదు. ఎర్ర గడి పక్కన నల్ల గడి, వెంట్రుక వాసి జరగకుండా కూర్చునే ఆ పనితనం నైటీల పాలు కావడమంటే నరహరికి అన్నం సయించలేదు. మేడం ఒక్క ఇంటి బట్టనే ఎంచి ఢిల్లీ ప్రదర్శనకు తీసుకుపోతుందట. ఆ ఇంటికే ఆర్డరట. కాబట్టి ఆయన ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు వసంతా. రేపటికి కారు కుయ్యిమనదు, కయ్యిమనదు. నూనెల సంగతి మనోళ్ళకంటె ఎవలికెర్క?"

నిజం చెప్పాలంటే ఆ సంగతి ఆయనకు ఏడాదిగా తెలిసిరావడం లేదు. మొదట బుష్షులకు కొబ్బరినూనె పోశాడు. రెండు రోజులు శాంతి, మూడో రోజు చీమలు పిల్లాజెల్లలతో వచ్చి కార్లో కాపురం పెట్టాయి. తర్వాత మగ్గానికి వేసే నూనె వేశాడు. అది వారం తిరగకుండానే దుమ్ముతో కలిసి జిగటబంకైంది. నీళ్ళ సర్వీసింగువాడు, "నాకిడువు సార్" అని కింద అంతా డీజిలు చిమ్మాడు. నాలుగు రోజులు కారు నోరెత్తలేదు. అయిదో రోజు పాత కిర్రుకు తోడు ఒక కొత్త మూలుగు కూడా మొదలైంది. చివరికి స్కూటరు చక్రాల గ్రీజు దట్టించి, అప్పుడు వెళ్ళాడు మెకానిక్ ఏసోబు దగ్గరికి.

ఏసోబు కారు కిందికి దూరి, వేలితో బుష్షు గీకి, బయటికి వచ్చి తల పట్టుకున్నాడు.

"సారూ, నువ్వు గీ రబ్బరుకు తాపింది మందు గాదు, విషం. డీజిలు, గ్రీజు, ఇంజనాయిలు తాగితె రబ్బరు ఉబ్బుతది, మెత్తబడి పొరలు పొరలు ఊడుతది. బుష్షుకు సిలికాన్ గ్రీజే పడుతది. రబ్బరుకు కీడు చెయ్యది, నీళ్ళకు కడుక్కపోదు."

"ఉన్నదా నీ తాన?"

"లేదు. రేపు పగటీలి బస్సుల నల్లగొండకెంచి వస్తది."

"మేడంను తెచ్చేది రేపు పొద్దుగాల్నే గద!"

"గట్లయితే మేడంనే మాపటికి రమ్మను."

నరహరికి ఒళ్ళు మండింది. ఏసోబంటే గౌరవమే. కానీ నాలుగు తరాలు నూనెలో నూలు నానబెట్టిన వంశంలో పుట్టినవాడికి, పానా పట్టేవాడు నూనె పాఠం చెప్పడమా? ఇంటికొచ్చి పెరట్లో మంచం మీద కూలబడ్డాడు. ఎదురుగా, అరటిచెట్టు పక్కన, మూత పెట్టిన కుండ కనిపించింది. అది చూడగానే ఆయన ముఖం విచ్చుకుంది.

అది తేలియా రసం. నువ్వుల నూనె, ఆముదం కాయలు కాల్చిన బూడిద, మరొకటి రెండు దినుసులు నీళ్ళలో కలిపి, అందులో నూలును పదహారు రోజులు నానబెట్టి, రోజూ చేత్తో పిసికి పిసికి ఆరబెడతారు. ఆ నూలుతో నేసిన రుమాలు ఎన్నేళ్ళకైనా మెత్తదనం పోదు, రంగు వదలదు. ఈ పిసికే పనికి జడిసే నరహరి చిన్నప్పుడు మగ్గం వదిలి బడికి పారిపోయాడు. బడిలో చదువైపోయాక బడిలోనే గుమాస్తా అయ్యాడు. అయితేనేం, రసం మహిమ మీద మాత్రం నమ్మకం చెక్కుచెదరలేదు.

'బిరుసు నూలే మెత్తబడుతుంటే రబ్బరెంత? అది చెట్టుపాలే కదా!' అనుకున్నాడు. ఒకే ఒక్క చిక్కు. వసంతలక్ష్మి కొత్త నూలు నానబెట్టి ఎనిమిది రోజులైంది. రసం తగ్గితే పైన నూలు ఎండిపోతుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది. "కుండ దిక్కు పోకు," అని ఆమె మొదటి రోజే చెప్పి పెట్టింది. 'రెండు చెంబులేగా, ఏం కాదులే,' అనుకున్నాడు నరహరి.

తెల్లవారి వసంతలక్ష్మి పాలకు వెళ్ళగానే ఆయన కుండ మూత తీశాడు. గుప్పుమంది వాసన. ఒక చెంబు ముంచాడు. ఇంకో చెంబు ముంచాడు. నూలు చేతికి తగలలేదు కానీ, అడుగున ఉంటుందిలే అనుకుని, తగ్గినంత మేరకు నల్లా నీళ్ళు పోసి మూత పెట్టేశాడు. గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకుని, ముక్కు డబ్బాతో బుష్షు బుష్షుకూ రసం తాపాడు. మిగిలింది పారబోయడం దేనికని ఆ చుట్టుపక్కల ఇనుముకు కూడా దండిగా పూశాడు.

కారు కదిలింది. గేటు దాటింది, గుంతలో పడింది, లేచింది. చప్పుడు లేదు! నరహరి కావాలనే ఇంకో గుంతలో దింపి చూశాడు. అబ్బే, ఎక్కడా కిమ్మనలేదు. నకిరేకల్ దాకా ఆయన ముసిముసిగా నవ్వుకుంటూనే వెళ్ళాడు.

శ్రీలత మేడం యాభైకి దగ్గరలో ఉన్న మనిషి. నూలుచీర, పెద్ద సంచి, తక్కువ మాటలు. కారు పది నిమిషాలు నడిచాక ఆమె ఆశ్చర్యపోయింది.

"మీ కారు గురించి చేనేత సంఘంవాళ్ళు నన్ను భయపెట్టారు నరహరి గారూ. చప్పుడే లేదే!"

ఉన్న మాట చెబితే పోయేది. కానీ కుండ సంగతి చెబితే నవ్వుతుందేమో అనిపించింది. "జర్మనీ సిలికాన్ గ్రీజు మేడం," అనేశాడు. "మన తాన దొరుకది. నేనే తెప్పించిన."

"అలాగా," అని ఆమె నిట్టూర్చింది. "నిన్న నాలుగిళ్ళు తిరిగాను. అందరూ పాత పద్ధతిలోనే నూలు నానబెడతామన్నారు. కుండ చూపించమంటే, చిత్రం, నాలుగిళ్ళలోనూ మొన్ననే పగిలిందట. మీ ఇంట్లోనైనా ఉందా?"

"ఉన్నది మేడం," అన్నాడు నరహరి. అన్నాక పొద్దుటి పని గుర్తొచ్చింది. ఉన్నది, నల్లా నీళ్ళతో ఉన్నది.

ఆ మాట మరిచిపోవాలనో, నోరు మూసుకున్న కారు తెచ్చిన ధీమానో, మంచి తారురోడ్డు వదిలి అడ్డదారి పట్టించాడు. దారిలో చెరువు నిండి మత్తడి దూకుతోంది. రోడ్డు మీద యాభై అడుగుల మేర చీలమండ లోతు నీళ్ళు. "గిదొక లెక్కనా!" అని కారును జర్రున లాగించాడు. నీళ్ళు రెండు వైపులా చిమ్మాయి. ఒడ్డెక్కి మలుపు తిరిగాడో లేదో, రోడ్డు నిండా గొర్రెలు, మేకలు. వాటి వెనక, భుజాన కట్టె అడ్డంగా పెట్టుకుని, వీపు తిప్పి నడుస్తున్నాడు వాళ్ళూరి కాపరి కురుమయ్య.

మామూలు రోజుల్లో అయితే ఈ కారు కిలోమీటరు దూరంలో ఉండగానే కురుమయ్య మందను పక్కకు తోలేవాడు. ఇవాళ ఆయన చెవిన ఏమీ పడలేదు. నరహరి హారన్ నొక్కాడు. అది పలకలేదు. పదమూడేళ్ళ కారు, హారన్ అవసరమే రాని కారు. అది ఎప్పుడు చచ్చిందో ఎవరికి తెలుసు? ఇక చేసేది లేక బ్రేకు తొక్కి, మంద మధ్యలో ఆగిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు ముచ్చట. నూనె, బూడిద, నీళ్ళు కలిసి గిరగిరా తిరిగితే పుట్టేది సబ్బు నురగ. గుమాస్తా ఉద్యోగంలో ఆ సంగతి ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి నరహరికి తట్టలేదు. నాలుగు చక్రాల నుంచీ తెల్లటి నురగ పొంగి, బుసబుసమంటూ రోడ్డు మీదికి జారింది.

కురుమయ్య వెనక్కి తిరిగి చూసి కెవ్వుమన్నాడు. "ఓ నరహరి సారూ! నీ కారు నురుగు కక్కుతాంది! గాలికుంటు రోగం తగిలిందా ఏంది?"

ఆయన మాట పూర్తికాకముందే గొర్రెల ముక్కులు లేచాయి. నువ్వుల నూనె వాసనంటే వాటికి తెలకపిండి వచ్చినట్టు. పైగా బూడిదలో ఉప్పదనం. ముందు ఒకటి చక్రం నాకింది. తర్వాత పది. తర్వాత మందంతా కారు కిందికి తలలు దూర్చి, ఏసోబు కూడా చేరలేని మూలలకు చేరి చప్పరించసాగింది. కారు ఊగుతుంటే మేడం సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఏం పూసినవ్ సారూ దీనికి?" కురుమయ్య పరుగెత్తుకొచ్చాడు.

నరహరి నోరు తెరిచేలోగా, పాపం, మేడం సాయం చేసింది. "జర్మనీ సిలికాన్ గ్రీజు అండీ."

"జర్మనీదా!" కురుమయ్య గుండె బాదుకున్నాడు. "నా జీవాలు సచ్చెగద దేవుడా!" వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. డాక్టరు ఏదో అన్నాడు. "డబ్బా మీద ఏం రాసున్నదో చదువుమంటున్నడు. డబ్బా తియ్యి సారూ."

"డబ్బా... ఇంట్ల ఉన్నది."

"గట్లనా." కురుమయ్య ఫోన్ జేబులో పెట్టుకుని, కారు ముందు రోడ్డు మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. "ఎనభై ఆరు జీవాలు. బిడ్డలెక్క సాదుకున్న. గది విషం గాదని తేలేదాక నీ కారు కదలది."

"విషం గాదు కురుమయ్యా, నా మాట ఇను. మేడంకు ఆలస్యమైతాంది!"

"విషం గాకుంటె నువ్వు నాకు."

నరహరి మేడం వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. అటుక మీద ముక్కలుగా పడి ఉన్న మగ్గం కళ్ళ ముందు మెదిలింది. ఇంక ఆలోచించలేదు. వంగి, చక్రం పక్క నుంచి ఇంత నురగ వేలితో తీసి, నాలుక మీద పెట్టుకున్నాడు. బూడిద చురుక్కున కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎట్లున్నది?" అన్నాడు కురుమయ్య.

"మంచిగనే... ఉన్నది."

"నరహరి గారూ, సిలికాన్ గ్రీజు తినకూడదేమోనండీ," అంది మేడం కిటికీలోంచి.

"చూసినవా! తినొద్దట!" కురుమయ్య మళ్ళీ గొంతెత్తాడు. "నిజం చెప్పు సారూ, ఏమున్నది గండ్ల?"

నరహరి లొంగిపోయాడు. "జర్మనీ లేదు, గిర్మనీ లేదు. నువ్వుల నూనె."

"ఇంక?"

"ఆముదం కాయల బూడిద."

"ఇంక?"

ఆ మూడో దినుసు ఏమిటో నరహరికి అప్పుడే గుర్తుకొచ్చింది. నాలుక మీద ఉన్నదేమిటో కూడా.

"మేకపెంటికల నీళ్ళు," అన్నాడు నీరసంగా.

"ఎవల మేకలయి?"

"నీయే. మా ఇంటామె నీ దొడ్లకెంచి గంపెడు తెచ్చింది గద."

కురుమయ్య ముఖం వెలిగిపోయింది. లేచి పంచె దులుపుకున్నాడు. "మా మేకలయా! గా ముక్క ముందుగాల్నే చెప్పొద్దా సారూ! ఇంటి సరుకేనాయె!" అని మందను అదిలించసాగాడు.

అయితే మేడం కారు దిగింది. నరహరి గబగబా ఆమె ఎదుటికి వెళ్ళాడు. అబద్ధం బయటపడింది. ఇంకేముంది, ఈమె కూడా ఎదురొచ్చే బస్సెక్కి పోతుంది.

"మేడం, అబద్ధం చెప్పిన, తప్పే," అన్నాడు చేతులు జోడించి. "మా వసంత కుండకెంచి తీసిన. ఆమెకు ఎర్క గూడ లేదు. కోపం నా మీద పెట్టుకోండ్రి. ఆమె బట్టను మాత్రం ఒక్కపారి చూసి పోండ్రి. నాలుగు నెలలు కూసున్నది దాని మీద."

మేడం వినిపించుకోనట్టే చక్రం దగ్గర కూర్చుంది. నురగ వేళ్ళ మధ్య రుద్దింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ వాసన కోసం తిరుగుతున్నాను," అంది. "మాటలు చాలా విన్నాను. రసం మాత్రం ఈమధ్య చూసింది ఇదే, అదీ కారుకు! కారుక్కూడా పూసుకునేంత ఉందంటే మీ ఇంట్లో పని నిజంగానే జరుగుతోందన్నమాట. పదండి, నాకా కుండ చూడాలి."

నరహరికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కుండే చూడాలట! ఎనిమిది రోజుల రసంలో పొద్దుటి నల్లా నీళ్ళు కలిసిన కుండ. తను ఒక చేత్తో తెచ్చిన అదృష్టాన్ని రెండో చేత్తో పొద్దున్నే పారబోశాడు. దారి పొడుగునా కారు అదే మాట అంది. నీళ్ళు కొంత కడిగి, గొర్రెలు మిగతాది నాకేసిన బుష్షులు నాలుగు గొంతులతో కిర్రుమన్నాయి. రైలు గేటు దగ్గర ఆ రాగం విని వసంతలక్ష్మి టీ పెట్టేసింది. మేడం గుమ్మంలో కాలు పెట్టేసరికి గ్లాసు చేతికందింది.

"కుండ ఎక్కడమ్మా?" అంది మేడం టీ తాగుతూనే.

"వసంతా, ముందుగాల రుమాలు చూపియ్యి, కుండ తర్వాత..." అని నరహరి అడ్డం పడ్డాడు.

"మేడం కుండ అడిగింది గద," అని వసంతలక్ష్మి నడిచింది. పెరట్లోకి కాదు, మగ్గం గదిలోకి. మగ్గం వెనక, గోనె కప్పిన కుండ. మూత తీసింది. నిండా రసం, రసంలో మునిగి మెత్తబడుతున్న, చిలపలుగా కట్టిన నూలు. మేడం కొంగు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, చేయి ముంచి నూలు తీసి పిడికిట్లో నొక్కి చూసింది. తర్వాత వసంతలక్ష్మి పరిచిన రుమాలు గడి గడీ వేలితో తడిమి, మడిచి, తన సంచిలో పెట్టుకుంది. "ఢిల్లీకి ఇదే వెళుతుంది. ఇలాంటివి ఇంకో పన్నెండు కావాలి," అంది.

వసంతలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు నిండడం నరహరి చూశాడు. ఆయన కళ్ళూ నిండాయి. ఈసారి అది బూడిద మంట కాదు.

మేడం ఫోన్లో ఏదో రాసుకుంటుండగా ఆయన భార్య చెవిలో గొణిగాడు. "మరి పెరట్ల కుండ?"

"గది పోయినపారి పాత రసం. అరటిచెట్టుకు పోద్దామని పెట్టిన. ఇంట్ల కొబ్బరినూనె అయిపాయె, మగ్గం నూనె అయిపాయె. ఇగ నీ కండ్లు దేని మీద పడుతయో ఎర్క లేదా? అందుకే అసలుది మొదటి దినమే లోపట పెట్టిన."

"పాతదంటే... ఎన్ని దినాలది?"

"నలభై దినాలైతది. ఎందుకు?"

"ఏం లేదు," అని నరహరి నల్లా దగ్గరికి వెళ్ళి అయిదోసారి నోరు పుక్కిలించాడు.

వెనక నుంచి మేడం గొంతు వినిపించింది. "పన్నెండు రుమాళ్ళంటే చాలా నూలు పిసకాలి కదమ్మా. మీరొక్కరే చేయగలరా?"

"ఒక్కదాన్ని ఎందుకు మేడం? మా ఆయన పిసుకుతడు," అంది వసంతలక్ష్మి నిబ్బరంగా. "నూనెల సంగతి మావోళ్ళకంటె ఎవలికెర్క?"

మేడం నరహరి పేరు కూడా రాసుకుంది. ఇంక తప్పించుకునే దారి లేదు. మధ్యాహ్నం సిలికాన్ గ్రీజు దిగిన బస్సులోనే ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. కారులో దింపుతానంటే, వద్దు, గొర్రెలు ఎదురుచూస్తుంటాయేమో అంది. సాయంత్రం ఏసోబు బుష్షులు శుభ్రంగా తుడిచి, వేలి చివరంత గ్రీజు రాసి, పది నిమిషాల్లో పని ముగించాడు.

ఆ రోజు నుంచి కారు కిక్కురుమనలేదు. పదహారు రోజులు నూలు పిసికిన నరహరి మోచేతులు మాత్రం ఎత్తినా దించినా కిర్రుమంటున్నాయి. వాటికి ఏ నూనె పడుతుందో అడగడానికి ఆయన ఈసారి తిన్నగా ఏసోబు దగ్గరికే వెళ్ళాడు.